బావమరిది షాపు చుట్టూ ఏడు రోజులు

మా వీధిలో ఎక్కువమందిని రక్షణలోకి నడిపించింది ఎవరని అడిగితే పాస్టరుగారి పేరు ఎవరూ చెప్పరు, కత్తి బాబాయి పేరే చెబుతారు. ఇందులో ఆశ్చర్యపోవడానికేమీ లేదు. పాస్టరుగారు మైకు పట్టుకుని అడుగుతారు, బాబాయి గొంతు మీద కత్తి పెట్టి అడుగుతాడు. మనిషిని కుర్చీలో వెనక్కి వాల్చి, మొహమంతా నురగ పూసి, కత్తిని సరిగ్గా గుటక పడే చోట ఆనించి, "ఏమయ్యా, మారుమనస్సు పొందావా?" అని నెమ్మదిగా అడుగుతాడు. ఆ స్థితిలో లేదన్న మగాడు ఇంతవరకు పుట్టలేదు. తల ఊపితే ఏమవుతుందోనని కళ్ళతోనే పొందానని చెప్పేవాళ్ళు. ఆదివారం ప్రార్థనలో బాబాయి ఆ పేర్లన్నీ గట్టిగా చదివి దేవునికి అప్పజెప్పేవాడు. వాళ్ళలో ముగ్గురు పదేళ్ళుగా మా చర్చి పెద్దలు.

నాది ఆయన సెలూన్ పక్కనే ఉన్న కుట్టు షాపు. రెండింటికీ మధ్య ఉన్నదాన్ని గోడ అంటాం గానీ అది నాలుగు చెక్క పలకలు. ఆయన దగ్గితే నా సూదిలోంచి దారం జారిపోతుంది. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేదంతా నేను చూసిందీ విన్నదీనే. ఆయన నాకు చుట్టమేమీ కాదు, వీధిలో పిల్లా పెద్దా అందరూ బాబాయి అంటారు, నేనూ అంటాను. నాకు నోరు కాస్త ఎక్కువని మావాళ్ళు అంటూ ఉంటారు. ఎక్కువేం కాదు, ఉన్నంతా వాడతాను, అంతే.

బాబాయిది అరవై రెండేళ్ళ వయసు. ముప్పై ఎనిమిదేళ్ళుగా అదే కుర్చీ, అదే అద్దం, కత్తి నూరుకోవడానికి గోడకు వేలాడే అదే తోలు పట్టీ. రోజూ పొద్దున ఆరున్నరకు, షట్టర్ ఎత్తేముందు, వీధిలో నిలబడి బైబిల్లో చెప్పిన దేవుని సర్వాంగ కవచం తొడుక్కుంటాడు. మాటవరసకు అనడం లేదు, నిజంగానే తొడుక్కుంటాడు. నడుముకు దట్టీ బిగించి లాగుతాడు. ఛాతీకి మైమరువు సర్దుతాడు. ఒంటికాలి మీద నిలబడి జోళ్ళు వేసుకుంటాడు, ఈ ఘట్టంలో రెండుసార్లు కింద పడ్డాడు కూడా. ఎడమ చేత డాలు పట్టి, తల మీద శిరస్త్రాణం నొక్కి, ఆఖరున కుడిచేత్తో ఖడ్గం దూసి గాలిని నాలుగు పోట్లు పొడుస్తాడు. ఇవేవీ మన కళ్ళకు కనబడవు, కనబడేది బాబాయి ఒక్కడే. పాలప్యాకెట్లు వేసే ఆయన సైకిలు దిగి, అవతలి పక్కనుంచి నడిపించుకుంటూ పోయేవాడు.

ఒకరోజు పిన్ని, అంటే బాబాయి భార్య, మర్చిపోయిన కళ్ళజోడు ఇవ్వడానికి వచ్చి ఆ తతంగమంతా ఓపిగ్గా చూసింది. "కవచం బాగానే కుదిరిందండీ. చొక్కానే తిరగేసి తొడుక్కున్నారు," అని కళ్ళజోడు చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

బాబాయి దృష్టిలో ఈ లోకంలో ఏ వస్తువూ దానంతట అది చెడిపోదు. కరెంటు పోతే సాతాను. కుళాయి ఆగితే సాతాను. కత్తెర మర వదులైతే సాతాను. ఓసారి కుక్కర్ మూత ఊడి రావడం లేదని వంటింట్లో నిలబడి దాన్ని అరగంట గద్దించాడు. పిన్ని వచ్చి ఆవిరి పోనిచ్చి రెండు వేళ్ళతో మూత తీసింది. "వాడికి మన కుక్కర్ తప్ప వేరే పనే లేదా? వాడు ఇంత ఖాళీగా ఉంటే లోకం ఇంతలా ఎలా పాడైందండీ?" అని అడిగింది. బాబాయికి జవాబు తట్టలేదు. జవాబు తట్టకపోవడం కూడా వాడి పనేనన్నాడు.

ఇక్కడిదాకా నవ్వులాటే. అసలు గొడవ బావమరిదితో వచ్చింది.

బావమరిది అంటే పిన్నికి తమ్ముడు. తల్లిదండ్రులు పోయాక పదేళ్ళప్పుడు అక్క చెయ్యి పట్టుకుని ఈ ఇంటికి వచ్చాడు. పిన్నికి పిల్లలు లేరు, వాడే కొడుకైపోయాడు. పని నేర్పింది బాబాయే. ఊదిన బుడగకు సబ్బు నురగ పూసి, అది పగలకుండా కత్తితో నురగ మొత్తం తీయమనేవాడు. పదకొండు బుడగలు టప్పున పేలాక పన్నెండోది నిలిచింది. ఆ రోజు బాబాయి వీధంతా మిఠాయి పంచాడు. పదిహేనేళ్ళు వాడు బాబాయి పక్కన రెండో కుర్చీలో పని చేశాడు. రెండేళ్ళ కిందట ఎదురు వరసలో సొంత షాపు తెరిచాడు. అద్దాల తలుపు, ఏసీ, తొక్కితే పైకి లేచే కుర్చీ. రిబ్బను కత్తిరించింది బాబాయే, ప్రార్థన చేసిందీ ఆయనే. "వాడు నా చేతుల్లో తయారైనవాడు," అని నాతో పదిసార్లు అన్నాడు. ఇదంతా సవ్యంగా సాగుతూ ఉండగా మధ్యలోకి పాస్టరుగారి తల వచ్చింది.

పాస్టరుగారి జుట్టు ఇరవై ఏళ్ళుగా బాబాయిదే. పదకొండు నెలల కిందట బాబాయికి వారం రోజులు జ్వరం వచ్చింది. పాస్టరుగారి జుట్టు చెవులు దాటింది. ఆయన శనివారం సాయంత్రం వచ్చి, మూసి ఉన్న షట్టర్ వంక చూసి, కాసేపు తటపటాయించి, రోడ్డు దాటారు. మర్నాడు జ్వరం తగ్గిన బాబాయి చర్చిలో రెండో వరసలో కూర్చున్నాడు. పాస్టరుగారు పాట నంబర్లు రాయడానికి బోర్డు వైపు తిరిగారు. మెడ వెనక జుట్టు అంచు గుండ్రంగా ఉంది. బాబాయి గీత ఎప్పుడూ తిన్నగా ఉంటుంది, స్కేలు పెట్టి గీసినట్టు. పక్కనే ఉన్న నాకు ఆయన పళ్ళు కొరికిన చప్పుడు వినబడింది.

ఆ రోజు ప్రసంగం ఆత్మీయ యుద్ధం మీదే. మనకొక శత్రువు ఉన్నాడని పాస్టరుగారు మొదలుపెట్టారు. బాబాయికి అంతవరకే వినబడింది. ఆ శత్రువు రక్తమాంసాలున్న మనిషి కాడనీ, పోరాడాల్సింది మన బలంతో కాదు, దేవుని బలంతోననీ, ముందు ఆయనలో బలవంతులై ఆ తర్వాతే కవచం తొడుక్కోవాలనీ ఆయన ఆపైన అరగంట చెప్పారు. ఆ అరగంటా బాబాయి కళ్ళు ఆ గుండ్రటి గీత ఎప్పుడు కనబడుతుందా అనే కాచుకుని ఉన్నాయి.

ఇంటికి వెళ్ళగానే ఆజ్ఞ జారీ అయింది. ఈ గడప తొక్కిన కాలు ఆ షాపు గడప తొక్కకూడదు, ఆ గడప తొక్కిన కాలు ఈ ఇంటికి రాకూడదు. సాయంత్రం బావమరిది పరుగున వచ్చాడు. "బావా, ఆయన వచ్చి కుర్చీలో కూర్చున్నారు. పాస్టరుగార్ని లేచి పొమ్మని ఎలా అనను?" అన్నాడు తలుపు అవతలనుంచి. తలుపు తెరుచుకోలేదు.

పిన్ని ఒక్క మాట కూడా అనలేదు. నేనైతే గరిటె విసిరేదాన్ని. ఆ తర్వాత పదకొండు నెలలు ఆవిడ మధ్యాహ్నం బాబాయికి క్యారేజీ తెస్తూ మా వైపునుంచే నడిచి, కంటి కొసతో ఎదురు షాపు చూసుకునేది. సరిగ్గా ఆ వేళకే వాడు తలుపు దగ్గరికి వచ్చి తువ్వాలు దులిపేవాడు. వెంట్రుక లేని తువ్వాలును కూడా దులిపేవాడు. అక్కా తమ్ముడూ అలా పలకరించుకోవడం చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. పాస్టరుగారి అవస్థ మరోలా ఉంది. ఎవరి దగ్గరికి వెళ్ళినా ఇంకొకరికి కోపమని వాళ్ళావిడ చేత వంటింటి కత్తెరతో కత్తిరించుకునేవారు. ఆయన తల ఎలుకలు కొరికిన రొట్టెలా తయారైంది.

ఇలా ఉండగా పోయిన నెలలో బాబాయి కుడిచెయ్యి వణకడం మొదలైంది.

మొదటి దెబ్బ పోస్టాఫీసు గుమస్తాకు తగిలింది. మీసం అంచు సవరించమంటే సగం మీసం పోయింది. సమానం చేయబోతే రెండో సగం కూడా పోయింది. ఇంటికి వెళ్తే పసిపిల్ల గుర్తుపట్టక గుక్కపట్టి ఏడ్చిందట. రెండో దెబ్బ తగలకముందే బ్యాంకు వాచ్‌మన్ నురగతోనే కుర్చీలోంచి దూకి, మెడకు కట్టిన గుడ్డ వెనక ఎగురుతుంటే వీధి చివరిదాకా పరుగెత్తాడు. ఆ దృశ్యం చూశాక ఇక బాబాయి షాపు మెట్టు ఎక్కింది లేదు ఎవరూ.

ఇంట్లో మాత్రం చెయ్యి శుభ్రంగా ఉండేది. నిండు కప్పు టీ తొణక్కుండా పట్టుకునేవాడు. డాక్టరు అన్ని పరీక్షలూ చేసి జబ్బేమీ లేదన్నాడు. నేను సూదీ దారం ఇస్తే, నేను కళ్ళజోడు పెట్టుకుని నాలుగుసార్లు తడుముకునే ఆ బెజ్జంలోకి, ఒక్కసారికే ఎక్కించాడు. కత్తి పట్టి కుర్చీ వెనక నిలబడితే చాలు, వేళ్ళు గజగజలాడేవి. "ఇది తప్ప నాకు ఇంకేం వచ్చమ్మాయ్?" అన్నాడు ఓ మధ్యాహ్నం, ఖాళీ కుర్చీ తుడుస్తూ. "ఈ నెల కూడా ఇలాగే ఉంటే షట్టర్ దించేయాల్సిందే." ఎప్పుడూ అరిచే మనిషి అంత మెల్లగా మాట్లాడేసరికి నాకు భయం వేసింది.

కానీ బాబాయి ఊరుకునే రకమా? చేతికి బలం రావాలని రోజంతా రబ్బరు బంతి పిసికాడు. నా ఇస్త్రీ పెట్టె అడిగి పట్టుకెళ్ళి వందసార్లు పైకీ కిందకీ ఎత్తాడు, దాంతో బాగున్న ఎడమ చెయ్యి కూడా పట్టేసింది. "వణకకు! ఆజ్ఞాపిస్తున్నాను, వణకకు!" అని చేతినే గద్దించాడు. తెలియక వచ్చిన పొరుగూరివాడొకడు అది తనతోనే అంటున్నాడనుకుని ఇంకా వణికి లేచిపోయాడు. ఆఖరికి మూడు రోజులు ఉపవాసం ఉన్నాడు. నాలుగో రోజుకు చేతితోపాటు కాళ్ళూ, గొంతూ, గడ్డం కూడా వణికాయి.

నాకు ఓపిక నశించింది. "బాబాయ్, నేను వారం రోజులుగా చూస్తున్నాను," అన్నాను. "కత్తి పట్టగానే నువ్వు అద్దంలోకి చూస్తావు. ఆ అద్దంలో ఎదురు షాపు కనబడుతుంది. అప్పుడే నీ చెయ్యి వణుకుతుంది. అది జబ్బు కాదు, కోపం."

వెళ్ళి వాడితో మాట్లాడతాడని నా ఆశ. బాబాయి కళ్ళు మెరిశాయి. "అదీ సంగతి! స్థావరం అక్కడుందన్నమాట! దొరికాడమ్మాయ్ శత్రువు!" అని గంతేశాడు. నా నాలుక నేనే కొరుక్కున్నాను. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు పోయి పోయి ఆ అమాయకుడి మీదే పడింది.

బాబాయి యుద్ధ వ్యూహం యెరికో పట్టణానిది. ఆ గోడల చుట్టూ దేవుని ప్రజలు ఆరు రోజులు రోజుకొక్కసారి మౌనంగా తిరిగి, ఏడో రోజు ఏడుసార్లు తిరిగి కేక వేస్తే గోడలు కూలాయి. అలాగే ఎదురు షాపు చుట్టూ తిరగాలని బాబాయి తీర్మానం. చిక్కేమిటంటే ఆ షాపు విడిగా లేదు, తొమ్మిది షాపుల వరసలో నాలుగోది. దాన్ని చుట్టాలంటే మొత్తం వరసను చుట్టాలి. వెనకవైపు మురుగుకాలువ, పిండిమర తూము, ఇనప సామాన్ల కుప్ప, దాని మీద కాపురముండే కుంటికుక్క. ఆదివారం చర్చినుంచి రాగానే పదకొండు గంటలకు బాబాయి బయలుదేరాడు. కనబడని డాలు ఎడమ చేత్తో పట్టుకుని, పెదవులు బిగించి, పిండి దుమ్ములోంచి తెల్లగా అవతల తేలాడు. కుక్క వెంటపడింది. మౌనవ్రతం కాబట్టి దాన్ని ఛీ అనడానికి కూడా లేదు.

రెండో రోజు బావమరిది నా షాపుకు వచ్చాడు. "అక్కా, బావకేమైంది? ఎండలో అలా తిరుగుతున్నాడేంటి?" అన్నాడు కంగారుగా. నిజం చెబుదామని నోరు తెరిచాను, పళ్ళ మధ్య గుండుసూదులున్నాయి. అవి తీసేలోపు నా దగ్గర జాకెట్టు కొలతలిస్తున్న ఒకావిడ, "డాక్టరు నడవమని ఉంటాడు, షుగరేమో," అనేసింది. నేను దిద్దలేదు. ఎందుకు దిద్దలేదంటే, తర్వాతేం జరుగుతుందో చూడాలనిపించింది. నా బుద్ధి అలాంటిది.

జరిగిందేమిటంటే, మూడో రోజు బాబాయి వెళ్ళేసరికి ఎదురు షాపు మెట్టు పక్కన ఒక స్టూలు, దాని మీద మూతపెట్టిన గ్లాసులో మంచినీళ్ళు ఉన్నాయి. "కూర్చుని వెళ్ళు బావా," అన్నాడు వాడు తలుపు సందులోంచి. బాబాయి ఆ గ్లాసును పాముని చూసినట్టు చూసి, తిట్టడానికి వీల్లేక, మింగలేక కక్కలేక ముందుకు సాగాడు. నాలుగో రోజు స్టూలు పక్కన గొడుగు కూడా చేరింది. అదే రోజు విద్యుత్ ఆఫీసులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు, బాబాయి క్రమం తప్పకుండా నడుస్తున్నాడని మెచ్చుకుని వెనకే కలిశాడు. మోకాళ్ళకు మంచిదని ఇంకో ఇద్దరిని తెచ్చాడు. అలా ముందు బాబాయి, వెనక కుక్క, దాని వెనక ముగ్గురు పెద్దమనుషులు.

ఐదో రోజు పాస్టరుగారికి సంగతి తెలిసి, తల మీద టోపీతో వచ్చి బాబాయి పక్కన నడవడం మొదలెట్టారు. "బాబాయిగారూ, ఒక్క మాట వినండి. ఆ గోడల్ని కూల్చింది వాళ్ళ కాళ్ళు కాదండీ. వాళ్ళు తిరిగారంతే, కూల్చింది దేవుడు. మీరు కవచం తొడుక్కుంటున్నారు గానీ బలం మాత్రం మీ సొంతదే తెచ్చుకుంటున్నారు. అది చాలదండీ. ఎవరికీ చాలదు," అన్నారు రొప్పుతూ. బాబాయి జవాబు చెప్పకూడదు కదా. చూపుడు వేలు తన మెడ వెనక పెట్టి, ఈ చెవినుంచి ఆ చెవిదాకా గుండ్రంగా గీసి చూపించాడు. పాస్టరుగారు టోపీ కిందికి లాక్కుని, కాలువ దగ్గరే ఆగిపోయారు.

ఆరో రోజుకు వెనక పద్నాలుగు మంది. ఒకాయన ఈల కూడా తెచ్చాడు.

ఏడో రోజు శనివారం. ఎండ మండిపోతోంది. బాబాయి ముందురోజు మధ్యాహ్నంనుంచి ఏమీ ముట్టలేదు. పదకొండింటికి మొదలెట్టాడు. మొదటి మూడు చుట్లు కవాతులా సాగాయి. నాలుగో చుట్టులో కుడిచెప్పు కాలువలో పోయింది. ఐదో చుట్టులో ఎడమచెప్పు తనే వదిలేశాడు. ఆరో చుట్టులో డాలు పట్టిన చెయ్యి కిందికి జారింది. నేను మిషను ఆపి గుమ్మంలో నిలబడ్డాను. ఆ వయసులో ఆ ఎండలో ఆయనకు ఏమైనా అయితే ఆ పాపంలో నాకూ వాటా ఉందని అప్పుడు తట్టింది. ఇకనైనా ఆపాలని రోడ్డు మీదికి దిగాను. అప్పటికే ఏడో చుట్టు పూర్తిచేసి ఎదురు షాపు ముందు నిలబడ్డాడు. రెండు చేతులూ ఆకాశానికి ఎత్తాడు. వీధి వీధంతా చూస్తోంది. గోడలు కూల్చే కేక కోసం నోరు తెరిచాడు.

నూనె లేని మిషనులా కీచుమని ఒక చప్పుడు వచ్చింది, అంతే. వెనకున్న పద్నాలుగు మందీ అది శ్వాస వ్యాయామం అనుకుని, చేతులెత్తి ఒక్కసారిగా "హా" అని గాలి వదిలారు. గోడలు కూలలేదు. బాబాయే కూలాడు. అదృష్టం, స్టూలు మీదనే కూలాడు.

బావమరిది సగం కత్తిరించిన తలను కుర్చీలో వదిలేసి దువ్వెనతోనే పరుగెత్తుకొచ్చాడు. "బావా! బావా! ఏడు చుట్లు తిరగమన్నది ఏ డాక్టరు?" అంటూ రెండు చేతులతో ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళాడు. కుర్చీలో ఉన్నవాడిని లేపి, బావను కూర్చోబెట్టి, కొంచెం కొంచెంగా నీళ్ళు తాగించాడు. తడిగుడ్డతో అరికాళ్ళు తుడిచాడు. నేను కూడా లోపలికి వెళ్ళాను. అద్దాల తలుపు బయటనుంచి సరిగ్గా వినబడదు మరి.

కాసేపటికి బాబాయి కళ్ళు తెరిచి, ఎక్కడున్నాడో గ్రహించి లేవబోయాడు. కాళ్ళు లేవలేదు. గద్దించబోయాడు, గొంతు రాలేదు. చెయ్యి సరేసరి. ఆయన దగ్గర మిగిలింది కోపం ఒక్కటే, దాన్ని మోసే ఓపిక కూడా అయిపోయింది. కిందికి చూశాడు. బావమరిది ఆయన కాలి మడమలోంచి ఇనప రజను ఏరుతున్నాడు.

బాబాయి కళ్ళు మూసుకున్నాడు. "ప్రభువా," అన్నాడు, గుసగుసగా. "నా వల్ల కావట్లేదయ్యా. వీడి మీద కోపం నేను పీకితే రావట్లేదు. నేనే వీడి మీదికి యుద్ధానికొచ్చాను. నాకు బలం లేదు. నువ్వే తీసెయ్యి."

పన్నెండేళ్ళుగా ఆ చెక్క పలకల్లోంచి ఆయన ప్రార్థనలు వింటున్నాను. ఆజ్ఞలు విన్నాను, గద్దింపులు విన్నాను. అడుక్కోవడం వినడం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, ఎవరూ చూడకుండా ఏసీ వైపు తిరిగి.

బావమరిది ముక్కు తుడుచుకుని లేచాడు. పనివాడు కదా, పనే మాట్లాడాడు. "గడ్డం బాగా పెరిగింది బావా. గియ్యనా?"

కత్తి పడితే చెయ్యి వణుకుతుందని వారం రోజులుగా సొంత గడ్డం కూడా గీసుకోలేదు బాబాయి. తల ఊపాడు. వాడు నురగ పూశాడు. సగం మొహం గీసేసరికి, ఎవరో చెబితే విని పిన్ని పరుగెత్తుకొచ్చింది, ఒక చేతికి ఇంకా సబ్బు ఉంది. సరిగ్గా గడప దగ్గర ఆగిపోయింది. లోపల మొగుడు, గడప మీద మొగుడి ఆజ్ఞ. కాలి వేళ్ళు గడప అంచున పెట్టుకుని అలాగే నిలబడింది.

బాబాయి కళ్ళు తెరవకుండానే అన్నాడు. "లోపలికి రావే. నీ తమ్ముడి షాపే కదా."

పిన్ని వచ్చింది. పదకొండు నెలల తర్వాత తమ్ముడితో ఆవిడ అన్న మొదటి మాట, "ఏంట్రా, ఇలా చిక్కిపోయావు!" పోయిన నెలలోనే వాడి ప్యాంట్లు మూడు నడుము దగ్గర వదులు చేసింది నేను. అయినా నోరు మూసుకున్నాను.

"మెడ వెనక తిన్నగా గియ్యరా," అన్నాడు బాబాయి. వాడు సరేనని కత్తి మార్చుకున్నాడు. కత్తి మెడకు ఆనగానే బాబాయే మళ్ళీ, "వద్దులే. నీ చేతికి ఎలా వస్తే అలా గియ్యి," అన్నాడు.

ఆదివారం అందరూ ఒకే బల్ల దగ్గర భోంచేశారు. బాగానే ఉంది. కానీ షాపు మాట? సోమవారం పొద్దున బాబాయి షట్టర్ ముందు నిలబడ్డాడు. జోళ్ళు వేసుకోవడానికి కాలు ఎత్తలేదు. తల వంచుకుని చాలాసేపు నిలబడి, ఏదో చిన్నగా అనుకుని, షట్టర్ ఎత్తాడు. తొమ్మిదైనా ఒక్కడూ రాలేదు. మెట్టు దాకా వచ్చినవాళ్ళు కూడా మీసాలు తడుముకుని వెనక్కి తిరిగారు.

తొమ్మిదింపావుకు బావమరిది తన షాపు తలుపు మూసి, రోడ్డు దాటి వచ్చి, బాబాయి కుర్చీలో కూర్చున్నాడు. "గడ్డం గియ్యి బావా," అన్నాడు, వీధికి వినబడేట్టు.

బాబాయి చెయ్యి ముందుకు చాచి చూపించాడు. "ఒరేయ్, ఇంకా పోలేదురా. చూడు."

"చూశాను. గియ్యి."

"తెగితే?"

"నీ దగ్గర పటిక లేదా ఏంటి?"

జనం పోగయ్యారు. నడకకొచ్చిన పెద్దమనుషులు ఈలతో సహా ఆగిపోయారు. ఇటు నా పలకల సందులోంచి నేనూ, నా పక్కన పిన్నీ. బాబాయి నురగ కలిపి పూశాడు. కత్తి తోలు పట్టీ మీద నూరాడు. "బలం నీది ప్రభువా, నా దగ్గర లేదు," అన్నాడు, మామూలు గొంతుతో, పక్కనున్న మనిషితో చెప్పినట్టు. మొదలుపెట్టాడు. అంత నెమ్మదిగా ఎవరూ ఎవరికీ గడ్డం గీసి ఉండరు. ఆ కంగారులో నేను ఒక జాకెట్టుకు చెయ్యి తీసుకెళ్ళి మెడకు కుట్టాను. కుడి చెంప సగం అయింది, ముప్పావు అయింది. దవడ మలుపులో చెయ్యి ఒక్కసారి అదిరింది. తెల్లటి నురగలో ఎర్రటి చుక్క కనబడింది.

పిన్ని నా భుజం గట్టిగా పట్టుకుంది. బాబాయి కత్తి బల్ల మీద పెట్టేశాడు. కళ్ళనిండా నీళ్ళు. "నా వల్ల కాదని చెప్పానా లేదా? లేచి పోరా. పో," అన్నాడు.

వాడు లేవలేదు. బొటనవేలితో ఆ చుక్క తుడుచుకున్నాడు. నెమ్మదిగా మొహం అటువైపు తిప్పాడు.

"రెండో చెంప ఉంది బావా. గియ్యి."

బాబాయి కళ్ళు తుడుచుకుని కత్తి అందుకున్నాడు. చెయ్యి వణకలేదని నేను చెప్పను, కొంచెం వణికింది. ఆయన ఆపలేదు, వాడు కదల్లేదు. ఆ చెంప నున్నగా వచ్చింది.